పొరుగూరి గోలు

ఒక పనికి వెల కట్టునప్పుడు అది యే చోట జరిగినదో గూడ లెక్కలోనికి తీసికొనవలయునా? ధర్మమును నిర్ణయించునప్పుడు దేశకాలపాత్రములను చూడుమని మన పెద్దలు చెప్పుదురు. అంగడిలోని వర్తకుడు మాత్రము, కొనవచ్చినవా డెవడైనను, సేరునకు సేరే తూచవలయును. ఈ రెండు న్యాయములును మనకు కావలసినవే. ఏది యెచ్చట చెల్లునో తేల్చుటయే కష్టము. ఆ కష్టమును మేమీ మాసము ఫుట్‌బాల్ ఆటలోని యొక నిబంధనను పట్టుకొని విచారింపదలచితిమి.

గృహస్థులు చదువు పత్రికలో బంతియాట ముచ్చట యేల యని కొందఱు చదువరులు అనుకొనవచ్చును. హైదరాబాదు పాతబస్తీలో నివసించువారికి ఆ సందేహము కలుగదు. చాంద్రాయణగుట్ట దాపున బార్కస్ అను పేట కలదు. నిజాము కొలువునకై హద్రమౌతు సీమనుండి వచ్చిన అరబ్బు సైనికులు పూర్వ మచ్చట నుండిరి. బ్యారక్సు అను ఆంగ్లపదమే జనుల నోట నలిగి బార్కస్ అయినది. ఆ పేటవారికి ఫుట్‌బాల్ మీది మక్కువ తరతరముల ఆస్తి. ఆట ముగిసిన పిమ్మట ఇరానీ హోటలు బల్లల చుట్టు జరుగు వాదములను చెవియొగ్గి వినినవా రెఱుగుదురు: అచ్చట చర్చకు వచ్చునది బంతి మాత్రమే కాదు. గెలుపునకు అర్హు డెవడు, ఓడినవానికి చెప్పదగిన సమాధాన మేమి యను ప్రశ్నలే చాయ్ కప్పుల నడుమ తిరుగుచుండును.

ఆంగ్లమున ‘అవే గోల్స్ రూల్’ అని ప్రసిద్ధమైన ఈ నిబంధనను మేము పొరుగూరి గోలు నిబంధన యందుము. నాకౌట్ పోటీలలో రెండు జట్లు రెండు మాఱులు తలపడు పద్ధతి యొకటి కలదు. ఒక యాట ఈ యూర, మఱియొకటి ఆ యూర. రెండాటల గోలులును కూడి చూచినప్పుడు లెక్క సమమైనచో, పరాయి మైదానమున ఎక్కువ గోలులు చేసిన జట్టు గెలిచినట్లు తీర్పు. ఒక జట్టు తన యూర 2-1గా గెలిచి, పొరుగూర 0-1గా ఓడినదనుకొందము. మొత్తము చెరి రెండు గోలులు. కాని యెదుటి జట్టు పొరుగూర నొక గోలు చేసియున్నది, ఈ జట్టు చేయలేదు. కావున ఎదుటి జట్టే ముందునకు పోవును. పొరుగూరి గోలు రెండు గోలులకు సమానమని జనులు చెప్పుకొనుట సరికాదు. లెక్క సమమైనప్పుడే దానికి ప్రాణము వచ్చును.

ఈ నిబంధన పుట్టినప్పుడు దానికి మంచి కారణములే యుండెను. ఐరోపా ఖండపు క్లబ్బుల పోటీలలో లెక్క సమమైనచో మూడవ యాట నెక్కడనో ఆడించెడివారు. అదియును సమమైనచో టాసు వేసెడివారు. 1965లో ఇంగ్లండు దేశపు లివర్‌పూలు జట్టును జర్మనీ దేశపు కొలోను జట్టును రెండాటలలో ఒక్క గోలైన లేక సమముగా నిలిచి, రాటర్‌డాములో జరిగిన మూడవ యాటలో 2-2గా మరల సమమైనవి. అప్పుడు టాసు వేసిరి. మొదటిమాఱు విసరిన బిళ్ల బురదలో నిలువుగా దిగబడెను! రెండవమాఱు వేయగా లివర్‌పూలునకు జయము కలిగెను. అయిదు గంటలాడి అలసిన యిరువది యిద్దఱి భాగ్యమును ఒక బిళ్ల తేల్చుట ఎవరికి నచ్చును? 1965-66లో కప్ విన్నర్స్ కప్పు అను పోటీలో పొరుగూరి గోలు నిబంధనను ప్రవేశపెట్టిరి. బుడాపెస్టు నగరపు హోన్‌వెద్ జట్టు ప్రాగు నగరపు డూక్లా జట్టును దానిచేతనే మొదట గెలిచెను. బిళ్ల చేతిలోని తీర్పును ఆట చేతికి తెచ్చిన పని యిది. ఆ మేరకు దానిని చేసినవారు సంస్కర్తలే.

రెండవ కారణము అతిథిపై జాలి. ఆ దినములలో దూరప్రయాణ మనగా ప్రయాసము. తెలియని నేల, తెలియని వాతావరణము, కేకలు వేయు పరాయి జనసమూహము, ఆ కేకలకు లొంగు రిఫరీ. ఇట్టి స్థితిలో వచ్చిన జట్టు గోలు చేయు నాశ విడిచి, ఓడకున్న చాలునని పదిమందిని తన గోలు ముందట నిలుపుకొనెడిది. పొరుగూరి గోలునకు కొంత హెచ్చు వెల నిచ్చినచో అతిథికి ధైర్యము కలుగునని తలచిరి. ఇందును తప్పులేదు.

మన నగరపు చరిత్రను ఇచ్చట నొక్కింత తలచుకొనవలయును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1950లో మోహన్ బగాను నోడించి డ్యూరాండు కప్పును గూడ గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. 1909లో జన్మించి 1963లో మరణించెను. ఆయన శిక్షణలోనే భారతదేశపు జట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. మాకు ముఖ్యమైన సంగతి వేఱొకటి. రోవర్స్ కప్పు బొంబాయిలో జరిగెడిది. డ్యూరాండు కప్పు అప్పుడు ఢిల్లీలో జరిగెను. అనగా హైదరాబాదువారు తమకు గొప్పపేరు తెచ్చిన గెలుపుల నన్నిటిని పొరుగూళ్లలోనే గెలిచిరి. ఇంటినుండి దూరముగా నున్నామని వారు ఒక గోలునకు ఒకటింబావు అడుగలేదు. అడిగినను ఇచ్చువారు లేరు. ఆ గెలుపులను మనము మరింత మెచ్చుకొందుము, అది న్యాయమే. మెచ్చుకొనుట వేఱు, లెక్కించుట వేఱు. పాతబస్తీలో నింటికి వచ్చిన మెహమానునకు గదిలో మంచి చోటు చూపి, దస్తర్‌ఖాను ముందు తొలిపళ్లె మతనికే పెట్టుదురు. ఆ మెహమానే మరునాడు పత్తర్‌గట్టీలో బట్ట కొనబోయినచో గజము పొడుగు మాఱదు, మాఱినచో ఆ యంగడికి మఱియెవరు పోవుదురు?

నిబంధన యొక్క ఫలితమును చూతము. అతిథికి ధైర్యము కలిగించుటకై చేసిన కట్టుబాటు ఆతిథేయునకు పిఱికితనము నేర్పెను. సొంతయూర ఒక్క గోలు పడినను తరువాత దానిని తీర్చుకొనుట దుర్ఘటమని యెంచి, మొదటి యాటలో ఇంటివారే తలుపులు బిగించుకొని కూర్చుండసాగిరి. ఐరోపా సమాఖ్యయైన యూఎఫా 2021 జూనులో ఈ నిబంధనను తొలగించుచు, దాని అధ్యక్షుడు అలెగ్జాండర్ చెఫెరిన్ ముఖమున ఈ కారణమునే చెప్పెను. ఆ సంస్థ ప్రకటించిన లెక్కలు గమనింపదగినవి. 1970-80 దశకము నడుమ సొంతయూరి జట్లు నూటికి 61 ఆటలు గెలువగా, పొరుగూరి జట్లు 19 మాత్రమే గెలిచినవి. ఈ నాటికి అది 47కును 30కిని వచ్చినది. ఆటకు సగటున సొంతయూరివారి గోలులు 2.02 నుండి 1.58కి దిగినవి, అతిథులవి 0.95 నుండి 1.15కి పెరిగినవి. విమానములు, సమానమైన మైదానములు, రిఫరీ చూడకున్నను చూచు కెమెరాలు, వీనిచేత అతిథి కష్టము చాలవఱకు తగ్గినది. కష్టము తగ్గినను పరిహారము తగ్గలేదు. కారణము మరచిన ఆచారములను గూర్చి ఈ పత్రిక చదువరులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆచారము ఎంతవఱకు పోగలదో 2003లో మిలాను నగరము చూపెను. ఏసీ మిలాను, ఇంటరు అను రెండు జట్లకును సాన్ సీరో యనెడి మైదాన మొక్కటియే ఇల్లు. ఛాంపియన్స్ లీగు సెమీఫైనలులో నీ రెండును ఎదురుపడినవి. రెండాటలును ఆ మైదానముననే జరిగినవి. మొదటిది 0-0, రెండవది 1-1. రెండవ యాటకు ఇంటరు కాగితముపై ఆతిథేయి గనుక మిలాను చేసిన గోలు పొరుగూరి గోలని లెక్కించి, మిలానును ఫైనలునకు పంపిరి. తమ యింటిలో తాము అతిథులై, ఆ యాతిథ్యము చేతనే గెలిచిరి! ఊరు మాఱలేదు, నేల మాఱలేదు. పేరు మాత్రము మాఱినది. మడిబట్ట తడిసియున్న చాలును, శుభ్రముగా నుండనక్కఱలేదను వాదమునకు దీనికి దూరపు చుట్టఱికము కలదని మాకు తోచును.

ఇంతవఱకు చెప్పినది సులభము. ఇక కష్టమైన యాక్షేపణకు వత్తము. మా మిత్రు లొకరు ఇట్లడిగిరి: “గోలు ఎక్కడ చేసినను గోలే యనుచున్నారు. సరే. రేపు మఱియొకడు వచ్చి, మార్కు ఎవరికి వచ్చినను మార్కే, వెనుకబడిన కులమువారికి, చదువు లేని యింట పుట్టిన బాలికకు ప్రత్యేకపు వీలు లెందులకని యడిగిన మీరేమందురు? మీ తూకపురాయినే మీమీద విసరడా?” ఈ ప్రశ్న మమ్ము చాలసేపు ఆలోచింపజేసెను. తూకపురాయి ఒక్కటే యుండవలయునను మాటను అన్నిచోట్లను అంధముగా నమ్మినవారు లోకమున చాల అన్యాయములకు తోడుపడియున్నారనుట నిజము.

మా సమాధానమిది. రెండూళ్ల ఆటలో కష్టము వంతులవారీగా వచ్చును. నేడు నీవు అతిథివి, వచ్చే వారము నేను. నీవు పడిన ప్రయాణపు బడలికను నేనును పడుదును. నీమీద వేసిన కేకలు నామీదను వేయుదురు. రెండాటలు పెట్టుటయే ఆ కష్టమునకు పరిహారము. దానిమీద మరల గోలునకు వెల పెంచుట ఒక బాకీని రెండుమాఱులు చెల్లించుట. సంఘములోని కష్ట మట్టిది కాదు. అందులో వంతులు లేవు. ఒక కులమువారు తరతరములుగా అతిథులుగా కూడ గాక, మైదానము వెలుపలనే నిలువవలసివచ్చెను. వారి తరువాతి యాట సొంతయూర జరుగుట యెన్నడును లేదు. స్త్రీలకు చదువు నిరాకరించిన యిండ్లలో మరుసటి వారము పురుషులకు నిరాకరింపలేదు. వంతు రాని కష్టమునకు పరిహారము వేఱుగ ఏర్పరుపవలయును, ఏర్పరచినవారిని మేము మెచ్చుకొందుము. కావున చూడవలసినది తూకపురాయి ఒకటా రెండా యని కాదు. ఆ కష్టము ఇరుపక్షములకును సమముగా వంతు వచ్చుచున్నదా లేదా యని. ఫుట్‌బాల్ నియమమును కూలద్రోసిన వాదముతోనే సంఘన్యాయమును గూడ కూలద్రోయవచ్చునని యెవరైన ఉత్సాహపడిన, వారు ఈ భేదమును ముందుగా దాటి రావలయును.

నిబంధన పోయిన తరువాత ఏమి జరిగెనో చూచుటకు మనకు ఐరోపాకు పోనక్కఱలేదు. 2023 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు సెమీఫైనలులు రెండును ఈ ప్రశ్ననే మన ముంగిటికి తెచ్చినవి. ఒకదానిలో ముంబాయి సిటీ జట్టు సొంతయూర బెంగళూరు చేతిలో 0-1గా ఓడి, బెంగళూరులో 2-1గా గెలిచెను. మొత్తము చెరి రెండు. పొరుగూర ముంబాయి చేసినవి రెండు గోలులు, బెంగళూరు చేసినది ఒకటి. పాత నిబంధన యున్నచో ముంబాయి ఫైనలునకు పోయెడిది. అది లేదు గనుక పెనాల్టీ కిక్కులు వచ్చినవి. బెంగళూరు 9-8గా గెలిచెను. ముంబాయికి అన్యాయము జరిగినదా? ఆట మొదలుకాకముందే రెండు జట్లును నియమ మెఱిగియే దిగినవి గనుక మోసము లేదు. అంతకుమించి మే మొకమాట చెప్పెదము. రెండాటలును ఒక్కొక్క గోలు తేడాతోనే ముగిసినవి; ప్రతి జట్టును పొరుగూర నొక యాట గెలిచి, సొంతయూర నొక యాట ఓడెను. ఇంతకంటె సమమైన పోటీని ఊహింపగలమా? దీనిని చూచి ముంబాయి గెలిచినదనుట సమమును అసమమని పలుకుట. పెనాల్టీలలో నెన్ని దోషములున్నను ఆ యబద్ధము లేదు. ఆట సమముగా ముగిసినదని ఒప్పుకొని, ఇది వేఱొక పరీక్ష యని చెప్పియే పెట్టుచున్నారు.

రెండవ సెమీఫైనలు హైదరాబాదుది. 2019లో స్థాపింపబడిన హైదరాబాదు ఎఫ్‌సీ జట్టు మార్చి 9న గచ్చిబౌలిలో ఏటీకే మోహన్ బగానుతో 0-0గాను, 13న కలకత్తాలో మరల 0-0గాను ఆడి, పెనాల్టీలలో 3-4గా ఓడెను. (పాతబస్తీవారికి గచ్చిబౌలియు కొంతవఱకు పొరుగూరే యని యెవరైన అన్నచో మేము కాదనలేము.) గోలులే లేనిచోట పొరుగూరి గోలు నిబంధన యున్నను లేకున్నను ఒక్కటే. కాని యిచ్చట పెనాల్టీల అసలు దోషము కనబడును. రెండు వందల పది నిమిషములు పదునొకండుగురు పంచుకొని మోసిన భారము తుదకు ఒక్కొక్కని భుజముమీద పడును. బంతిని తప్పించినవాని పేరు ఊరంతయు తలచును. 1994 ప్రపంచకప్పు ఫైనలు నాటి పెనాల్టీని ఇటలీవాడగు రొబెర్టో బాజ్జో జన్మాంతము మరువగలడా? పాత నిబంధనలో నింద జట్టంతటికిని పంచబడెడిది. దానిని సమర్థించువారి వాదములలో ఇదియే మాకు బలమైనదిగా తోచినది. ఉత్సాహము కలుగునను వాదము మాత్రము మాకు నచ్చదు. 2019లో ఆమ్‌స్టర్‌డాములో చివరి క్షణమున లూకస్ మౌరా చేసిన గోలుతో టాటెన్‌హాము జట్టు ఏజాక్సును పొరుగూరి గోలులచేత దాటినప్పుడు లోకమంతయు ఆశ్చర్యపడెను. ఆశ్చర్యము న్యాయమునకు గుఱుతు కాదు. లాటరీ తగిలినను ఆశ్చర్యమే.

భారము ఒక్కనిమీద పడకుండ వేఱు దారి లేదా? మన దేశమున నొక పాతదారి యుండెను. 1960లో డ్యూరాండు కప్పు ఫైనలు తేలకపోగా మోహన్ బగానును ఈస్టు బెంగాలును కూడ విజేతలుగా ప్రకటించిరి. ఫైనలునకది శోభించును. సెమీఫైనలులో ఇరువురిని ముందునకు పంపుట కుదరదు. మూడవ యాట పెట్టుట అన్నిటికంటె ఉత్తమము. కాని నేటి పోటీల పంచాంగములో దానికి తిథి దొరకదు.

లీగులో మీదనున్న జట్టునకే తీర్పు నిమ్మని కొందఱు చెప్పుదురు. ఇరువది యాటలలో సంపాదించిన అర్హత గనుక ఇది పొరుగూరి గోలువలె కల్పిత భేదము కాదు. 2023లో ముంబాయి 46 పాయింట్లతో మొదట, హైదరాబాదు 42తో రెండవది. బగానునకును బెంగళూరునకును 34 చొప్పుననే యుండెను. ఆ పద్ధతిలో ముంబాయి, హైదరాబాదులే ఫైనలాడెడివి. మా యూరు గెలుచునను నాసచే మేము దీనికి తలయొగ్గుదుమని మా మిత్రు లనుమానించిరి. నిజమునకు మాకు ఇష్టముగానే యుండెను. ఐనను దీనిలో పాత జబ్బే కలదు: సమమైన చాలునని తెలిసిన జట్టు తలుపులు బిగించుకొనును. పిఱికితనమును ఒకరినుండి తీసి మఱియొకరి కిచ్చుటలో సంస్కార మేమున్నది?

మీద నిలిచిన జట్టునకు ఇవ్వదగిన లాభము వేఱొకటి కలదు. రెండవ యాట దాని యూర జరుగవలయును. లెక్క సమమైనచో అదనపు అరగంట అచ్చటనే ఆడుదురు గనుక ఆ లాభము స్వల్పమైనను నిజమైనది. పాత నిబంధనలో ఆ అరగంట అతిథికి పొరుగూరి గోలు చేయుటకు మఱియొక అవకాశమై తారుమారుగా నుండెను, నేడది పోయినది. విచిత్రమేమన, 2023లో లీగున మొదట నిలిచిన రెండు జట్లును మొదటి యాటకే ఆతిథ్యమిచ్చి, తీర్పు తేలవలసిన రెండవ యాటకు పొరుగూరు పోవలసివచ్చెను. ముంబాయివారు గాని హైదరాబాదువారు గాని చింతింపదలచినచో పోయిన నిబంధనకై కాదు, ఈ క్రమమును గూర్చి చింతింపవలయును. దీనిని సరిదిద్దుటకు నియమావళిలో ఒక్క పంక్తి చాలును.

దక్షిణ అమెరికావారు 2022 పోటీలనుండి పొరుగూరి గోలును విడిచిరి. ఆసియా ఛాంపియన్స్ లీగు 2023-24 నుండి విడిచెను. ఉత్తర అమెరికా, మధ్య అమెరికా, కరీబియను సీమల క్లబ్బులు తలపడు కాంకకాఫ్ ఛాంపియన్స్ కప్పులో 2025లోను అదియే తీర్పు చెప్పుచుండెను. అచ్చటి ప్రయాణములు నేటికిని దుస్తరములని దానిని కాపాడువా రందురు. ఆ కష్టమును మేము కాదనము. రెండు జట్లును దానిని పడుచున్నవి కదా యని మాత్రము అడుగుదుము.

హైదరాబాదు ఎఫ్‌సీ తన యొకేయొక లీగు కప్పును 2022 మార్చి 20న గోవాలో, కేరళ బ్లాస్టర్సుపై, 1-1 తరువాత పెనాల్టీలలో 3-1గా గెలిచెను. అంటువ్యాధి కారణమున ఆ యేటి ఆటలన్నియు గోవాలోనే జరిగెను. సెమీఫైనలు రెండాటలకును సొంతయూరు, పొరుగూరు అనునవి కాగితము మీది పేర్లే. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలి పేరును మార్చుకొనెను. ఇప్పుడు దాని యాటలను చూడదలచిన పాతబస్తీ పిల్లలకు అది యెక్కడ గోలు చేసినను పొరుగూరి గోలే.